తేనెటీగకు ఇంటి దారి ఎలా తెలుస్తుంది? పెట్టె జరిపే ముందు, మందు కొట్టే ముందు తెలుసుకోవాల్సిన సంగతులు



పొద్దుతిరుగుడు, పుచ్చ, దోస, ఉల్లి విత్తన పంట లాంటి వాటిలో తేనెటీగలు బాగా తిరిగితేనే గింజ నిండుతుందని, పిందె నిలుస్తుందని మీకు తెలిసిందే. పొలంలో పెట్టెలు పెట్టుకునేవాళ్లు, పూత సమయానికి అద్దెకు తెచ్చుకునేవాళ్లు ఇప్పుడు చాలా ఊళ్లలో కనిపిస్తున్నారు. అయితే పెట్టె తెచ్చాక దాన్ని ఎలా కదపాలి, పక్క చేలో మందు కొట్టేటప్పుడు ఏం చేయాలి అన్నవి తెలియక నష్టపోయేవాళ్లూ ఉన్నారు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కచోటే ఉంది. తేనెటీగ తాను ఎక్కడ ఉన్నదీ, ఇల్లు ఎటు ఉన్నదీ తలలో ఎలా లెక్క పెట్టుకుంటుందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

నా సలహా వల్ల పోయిన ఐదు పెట్టెలు

నేను వ్యవసాయ విస్తరణాధికారిగా చేరిన మూడో ఏడు. నా పరిధిలోని ఒక ఊళ్లో ఒక రైతు పొద్దుతిరుగుడు వేసి, బావి దగ్గర చింతచెట్టు నీడన ఎనిమిది తేనెటీగల పెట్టెలు పెట్టుకున్నాడు. అప్పు చేసి కొన్న పెట్టెలవి. చేను రెండో కొస బావికి 200 మీటర్ల దూరంలో ఉంది. అక్కడ పూత ఎక్కువగా ఉందని, పెట్టెలు అటు జరపవచ్చా అని నన్ను అడిగాడు. "జరుపు, రాత్రిపూట ద్వారం మూసి జాగ్రత్తగా మోసుకుపో, ఏమీ కాదు" అన్నాను. అప్పటికి నాకు తెలిసింది అంతే.

ఆయన నేను చెప్పినట్టే చేశాడు. మర్నాడు పొద్దున ఈగలు కొత్త చోటు నుంచి మేతకు వెళ్లాయి. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం కొత్త చోటుకు రాలేదు. చింతచెట్టు కింద, పెట్టెలు ఉండిన ఖాళీ రాళ్ల చుట్టూ గిరగిరా తిరిగాయి. సాయంత్రానికి ఆ రాళ్ల మీద, నేల మీద గుత్తులు గుత్తులుగా వాలాయి. 200 మీటర్ల దూరంలో వాటి పెట్టె, వాటి రాణి, వాటి పిల్ల ఉన్నాయి. అయినా పోలేకపోయాయి. రెండు రాత్రుల చలికి, చీమలకు చాలావరకు చచ్చాయి. మేత తెచ్చే ఈగలు లేక కొన్ని పెట్టెలు బలహీనపడి, నెల తిరిగేసరికి ఎనిమిదిలో మూడే మిగిలాయి.

"మీరు చెప్పినారని జరిపితిని సారూ" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను మరిచిపోయేవాణ్ణేమో. ఆ తర్వాతే ఈ సంగతి గురించి చదవడం మొదలుపెట్టాను.

నడుస్తూ నడుస్తూ వేసుకునే లెక్క

ఎత్తుగా పెరిగిన చెరకు తోటలోకి చీకటిలో వెళ్లామనుకోండి. చుట్టూ ఏమీ కనిపించదు. గట్టు మీద నుంచి తూర్పుకు 50 అడుగులు వేశాం, తర్వాత ఉత్తరానికి 30 అడుగులు వేశాం. ఈ రెండూ గుర్తుంటే, వచ్చిన దారినే మళ్లీ తొక్కకుండా ఏటవాలుగా నేరుగా గట్టుకు చేరుకోవచ్చు. ఎటు తిరిగాం, ఎంత దూరం వేశాం అనే రెండు అంకెలు తెలిస్తే చాలు.

జంతువులు చేసేదీ ఇదే. కదిలిన ప్రతిసారీ దిక్కును, దూరాన్ని మెదడు లెక్కలో కలుపుకుంటూ పోతుంది. మనం ఖాతా పుస్తకంలో జమ, ఖర్చు రాసి ప్రతి రోజూ నిల్వ తేల్చుకుంటాం కదా, అలాగన్నమాట. ఇక్కడ నిల్వ అంటే డబ్బు కాదు, "ఇల్లు ఇప్పుడు ఎటు ఉంది, ఎంత దూరంలో ఉంది" అనేది. ఈగ పదిచోట్ల వాలి, ఇరవైసార్లు మలుపు తిరిగినా నిల్వ ఎప్పటికప్పుడు సిద్ధంగా ఉంటుంది. పొట్ట నిండగానే నేరుగా ఇంటికి ఎగిరిపోతుంది. దీన్ని మనం దారి లెక్క అని పిలుచుకుందాం.

ఈ లెక్క నిజంగా ఉందని చక్కగా చూపించినది ఒక చీమ. సహారా ఎడారిలో కాటాగ్లిఫిస్ అనే చీమ మేత కోసం వంకరటింకరగా చాలా దూరం తిరుగుతుంది. మేత దొరకగానే గీత గీసినట్టు నేరుగా పుట్టకు వస్తుంది. అక్కడ చెట్టు, గట్టు, రాయి లాంటి గుర్తులు దాదాపు ఉండవు. 2006లో విట్లింగర్, వేనర్, వోల్ఫ్ అనే శాస్త్రవేత్తలు ఈ చీమల మీద ఒక ప్రయోగం చేశారు. పుట్ట నుంచి 10 మీటర్ల దూరంలో ఉన్న మేత దగ్గరికి చీమలు వచ్చాక, కొన్నిటి కాళ్లకు పంది వెంట్రుకలు అంటించి పొడుగు చేశారు. కొన్నిటి కాళ్లు పొట్టి చేశారు. తిరుగు ప్రయాణంలో పొడుగు కాళ్ల చీమలు పుట్టను దాటి 15 మీటర్ల దగ్గర వెతకడం మొదలుపెట్టాయి. పొట్టి కాళ్లవి 6 మీటర్లు కూడా పోకముందే ఆగి వెతికాయి. అంటే చీమ అడుగుల లెక్క పెట్టుకుంటోంది. అడుగుల సంఖ్య సరిగానే ఉంది, అడుగు కొలత మారింది, అందుకే లెక్క తప్పింది.

దిక్కు సూర్యుడితో, దూరం కంటితో

తేనెటీగ ఎగురుతుంది కాబట్టి అడుగులు లెక్కపెట్టలేదు. దాని పద్ధతి వేరు.

దిక్కుకు సూర్యుడే ఆధారం. సూర్యుడు కదులుతూ ఉంటాడు కదా అంటే, దానికీ ఏర్పాటు ఉంది. ఈగ ఒంట్లో ఉన్న గడియారం, పొద్దు ఎంత జరిగిందో ఆ మేరకు లెక్కను సరిచేస్తుంది. మబ్బు పట్టి సూర్యుడు కనిపించకపోయినా, ఎక్కడో ఒకచోట కాస్త నీలాకాశం కనిపిస్తే చాలు. ఆకాశపు వెలుగులో మన కంటికి తెలియని ఒక అమరిక ఉంటుంది. తేనెటీగ కంటి పైభాగం దాన్ని పట్టుకుని సూర్యుడు ఎటున్నాడో తెలుసుకుంటుంది.

దూరాన్ని కంటితో కొలుస్తుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే దగ్గరి చెట్లు వేగంగా, దూరపు కొండలు మెల్లగా వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాయి కదా. ఈగ ఎగిరేటప్పుడు కింద చేను, పక్కన చెట్లు దాని కళ్ల ముందు నుంచి ఎంత జరిగిపోయాయో, దాన్నిబట్టి దూరం కట్టుకుంటుంది. దీన్ని కనిపెట్టిన వారిలో ముఖ్యులు బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చదివి, ఆస్ట్రేలియాలో పరిశోధన చేసిన మండయం శ్రీనివాసన్. ఆయన బృందం ఈగలను దాదాపు 6 మీటర్ల పొడవున్న ఇరుకు సొరంగంలో నుంచి ఎగరనిచ్చింది. సొరంగం గోడలకు దగ్గరదగ్గరగా గళ్లు, చుక్కలు ఉన్నాయి. గోడలు దగ్గరగా ఉండడంతో అవి ఈగ కళ్ల ముందు నుంచి చాలా వేగంగా జరిగాయి. పెట్టెకు తిరిగి వచ్చిన ఈగలు, మేత సుమారు 200 మీటర్ల దూరంలో ఉందని తోటి ఈగలకు చెప్పాయి. ఈ ఫలితాలు 2000లో అచ్చయ్యాయి.

"చెప్పాయి" అన్నాను. ఈగ ఎలా చెబుతుంది? నాట్యంతో. ఆస్ట్రియా దేశానికి చెందిన కార్ల్ ఫాన్ ఫ్రిష్ ఈ నాట్యం అర్థాన్ని విప్పి 1973లో నోబెల్ బహుమతి అందుకున్నారు. మేత దొరికిన ఈగ పెట్టెలో నిలువుగా ఉన్న పట్టు మీద వెనుకభాగం ఊపుతూ ఒక గీత వెంట నడుస్తుంది. ఆ గీత నిట్టనిలువుగా పైకి ఉంటే మేత సూర్యుడు ఉన్న దిక్కుకే ఉందని అర్థం. ఎంత పక్కకు వాలితే సూర్యుడికి అంత పక్కన అన్నమాట. ఊపుతూ నడిచిన సమయం దూరాన్ని చెబుతుంది. మనం పెట్టెల్లో పెంచే ఐరోపా జాతి తేనెటీగలో దాదాపు ఒక సెకను ఊపితే కిలోమీటరు దూరం. అంటే దారి లెక్కను ఈగ తనలో దాచుకోవడమే కాదు, పెట్టెలోని మిగతావాటికి అప్పగిస్తుంది కూడా.

లెక్క రాసుకునే చోటు

తేనెటీగ మెదడు ఆవగింజ కన్నా చిన్నది. అందులో పది లక్షలకు కాస్త తక్కువ నరకణాలు ఉంటాయి. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్లు ఉంటాయి. అంత చిన్న మెదడులో ఇంత లెక్క ఎక్కడ జరుగుతోంది?

పురుగుల మెదడు నడిమధ్యలో ఒక భాగం ఉంది. అదే వాటి దిక్సూచి. 2015లో అమెరికాలోని జనేలియా పరిశోధన కేంద్రంలో యోహానెస్ సీలిగ్, వివేక్ జయరామన్ పండ్ల మీద వాలే చిన్న ఈగ మెదడులో దీన్ని కళ్లారా చూశారు. అక్కడ నరకణాలు గుండ్రంగా, చక్రంలా అమరి ఉన్నాయి. ఆ చక్రంలో ఒక్కచోట మాత్రమే కణాలు చురుగ్గా ఉంటాయి. ఈగ కుడికో ఎడమకో తిరిగితే ఆ చురుకైన చోటు కూడా దిక్సూచి ముల్లులా చక్రం మీద జరుగుతుంది. చీకటి చేసినా, ఈగ తాను తిరిగినంత మేరకు ఆ ముల్లు జరుగుతూనే ఉంది.

2017లో స్వీడన్, బ్రిటన్ శాస్త్రవేత్తలు పనామా అడవుల్లో రాత్రిపూట తిరిగే ఒక జాతి తేనెటీగ మెదడులో మిగతా సగం చూపించారు. కొన్ని కణాలు ఆకాశపు వెలుగును బట్టి దిక్కు చెబుతున్నాయి. మరికొన్ని కళ్ల ముందు జరిగే దృశ్యాన్ని బట్టి వేగం చెబుతున్నాయి. ఈ రెండూ మెదడు నడిమి భాగంలోనే కలుస్తున్నాయి. ఆ అల్లికను బట్టి చూస్తే, ఏ దిక్కుకు ఎంత పోయిందో అక్కడే కూడబెట్టుకుని, ఇంటి దిక్కుతో ఇప్పటి దిక్కును పోల్చుకుని ఈగ మలుపు తీసుకుంటుందని వాళ్లు వివరించారు.

రైతుగా మీరు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. ఈ లెక్క నడిచేది సున్నితమైన నరాల మీద. నరాలు తడబడితే లెక్క తడబడుతుంది. ఈ మాట మందుల దగ్గర మళ్లీ చూద్దాం.

లెక్కలో తప్పు, సరిచేసే గుర్తులు

ఖాతాలో ఒకచోట చిన్న తప్పు పడితే చివరి దాకా అది వెంట వస్తుంది. దారి లెక్కలోనూ అంతే. గాలి తోసినా, మలుపు కొలత కాస్త తప్పినా ఆ తేడా పేరుకుపోతుంది. అందుకే మనం పుస్తకాన్ని బ్యాంకు పాస్‌బుక్కుతో సరిచూసుకున్నట్టు, తేనెటీగ తన లెక్కను కంటికి కనిపించే గుర్తులతో సరిచూసుకుంటుంది. చెట్టు వరుస, గట్టు, షెడ్డు, పెట్టె ఉన్న చోటి ఆకారం, ఇవన్నీ దాని గుర్తులే.

ఈ గుర్తులను లేత ఈగలు ప్రత్యేకంగా నేర్చుకుంటాయి. ఎండగా ఉన్న మధ్యాహ్నం వేళ పెట్టె ముందు కొన్ని ఈగలు ద్వారం వైపే ముఖం పెట్టి అటూ ఇటూ ఊగుతూ, క్రమంగా పెద్ద పెద్ద చుట్లు తిరగడం మీరు చూసే ఉంటారు. అవి మేతకు పోవడం లేదు, ఇల్లు ఎక్కడుందో చదువుకుంటున్నాయి. ఒకసారి చదువుకున్నాక మేతకు వెళ్లే ఈగ మళ్లీ మళ్లీ చూసుకోదు. పొద్దున ద్వారం నుంచి బాణంలా దూసుకుపోతుంది.

నా సలహాతో పోయిన పెట్టెల కథ ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. పాత ఈగలు కొత్త చోటు నుంచి వెనక్కి చూసుకోకుండా ఎగిరిపోయాయి. వాటికి బాగా తెలిసిన చేను, తెలిసిన బావి, తెలిసిన చింతచెట్టు కనిపించాయి. ఆ గుర్తులన్నీ కలిసి ఇల్లు చింతచెట్టు కిందే ఉందని చెప్పాయి. 2005లో మెంజెల్ బృందం మేత దగ్గర పట్టుకున్న ఈగలను వేరే చోట వదిలి రాడార్‌తో గమనించినప్పుడు, అవి మొదట తమ పాత లెక్క ప్రకారమే ఎగిరి, తర్వాత అటూ ఇటూ వెతికి, తెలిసిన పరిసరాల సాయంతో పెట్టె చేరాయి. పెట్టె ఉన్నచోటే ఉంది కాబట్టి చేరాయి. మా రైతు ఈగలకు గుర్తులు సరైన చోటికే తీసుకువెళ్లాయి, పెట్టె మాత్రం అక్కడ లేదు.

పెట్టెలు జరిపేటప్పుడు పాటించాల్సినవి

తేనెటీగల పెంపకందారుల్లో పాత సామెత లాంటి సూత్రం ఒకటుంది: జరిపితే 3 అడుగుల లోపు జరుపు, లేదా 3 మైళ్లు దాటించు. 3 మైళ్లంటే సుమారు 5 కిలోమీటర్లు. అంత దూరం పోతే పాత గుర్తులు ఒక్కటీ కనిపించవు. అప్పుడు ఈగ తప్పనిసరిగా కొత్తగా చదువుకుంటుంది. మధ్య దూరాలే ప్రమాదం.

- చేనులోనే కొద్ది దూరం జరపాలంటే రోజుకు 2, 3 అడుగులకు మించకుండా, ఒకే వైపుకు జరపండి. వాన పడి ఈగలు బయటికి పోని రోజున జరపవద్దు.
- 100, 200 మీటర్లు జరపక తప్పకపోతే, ముందు 5 కిలోమీటర్లు దాటి వేరే చోటికి తీసుకుపోయి 3 వారాలు ఉంచండి. తర్వాత మీరు కోరిన చోటికి తెచ్చుకోండి. మేత తెచ్చే ఈగలు ఆ పని మొదలుపెట్టాక రెండు మూడు వారాలే బతుకుతాయి. అప్పటికి పాత చోటు తెలిసినవి చాలావరకు పోయి, కొత్తవి వచ్చి ఉంటాయి.
- దూరం తరలించేటప్పుడు చీకటి పడి ఈగలన్నీ లోపలికి చేరాకే ద్వారానికి ఇనుప జాలి కట్టండి. గాలి ఆడేలా చూడండి. తెల్లవారేలోపు కొత్త చోట దించండి. వేసవిలో పెట్టె వేడెక్కితే పట్టు మెత్తబడి తెగిపోతుంది.
- దించాక ద్వారం ముందు ఆకులున్న ఒక కొమ్మను అడ్డంగా పెట్టండి. బయటికి వచ్చే ఈగకు ఏదో మారిందని తెలిసి ఆగి, తిరిగి చూసి, చోటు నేర్చుకుంటుంది. రెండు మూడు రోజుల తర్వాత కొమ్మ తీసేయండి.
- పెట్టెలన్నీ ఒకే రంగులో, ఒకే వరుసలో దగ్గరదగ్గరగా పెడితే ఈగలు పొరపాటున పక్క పెట్టెలోకి పోతాయి. ముందు భాగానికి నీలం, పసుపు, తెలుపు రంగులు మార్చి మార్చి వేయండి. ఎరుపు తేనెటీగ కంటికి నల్లగానే కనిపిస్తుంది కాబట్టి ఆ రంగు వల్ల లాభం తక్కువ.
- పెట్టె దగ్గర ఉన్న గుర్తులను ఒక్కసారిగా మార్చవద్దు. పక్కనున్న చెట్టు కొట్టడం, గడ్డివామి తీసేయడం లాంటివి పూత అయ్యాక పెట్టుకోండి.
- సెరానా అనే మన దేశవాళీ తేనెటీగలను చీటికిమాటికి కదపవద్దు. విసిగితే పెట్టె వదిలి లేచిపోతాయి.

పెట్టెలు ఎప్పుడు తేవాలన్నదీ ఈ జ్ఞాపకం మీదే ఆధారపడి ఉంది. పంట పూతకు రాకముందే తెస్తే ఈగలు చుట్టుపక్కల వేరే పూలను వెతుక్కుంటాయి, ఆ దారే లెక్కలో పడుతుంది, నాట్యంతో అందరికీ చెప్పుకుంటాయి. ఆ తర్వాత మీ పంట పూసినా వెంటనే ఇటు తిరగవు. అందుకే చేనులో 5 నుంచి 10 శాతం పూలు విచ్చుకున్నాక పెట్టెలు దించండి. పొద్దుతిరుగుడుకు ఎకరాకు 2 పెట్టెలు సరిపోతాయి.

చంపకపోయినా దారి తప్పించే మందు

పెట్టె ముందు ఈగలు కుప్పగా చచ్చి పడి ఉంటే ఎవరో మందు కొట్టారని వెంటనే తెలుస్తుంది. కానీ ఇంకో రకం నష్టం ఉంది. పెట్టె ముందు ఒక్క శవమూ ఉండదు, లోపల ఈగలు మాత్రం రోజురోజుకూ తగ్గిపోతుంటాయి. మేతకు వెళ్లినవి తిరిగి రావడం లేదన్నమాట.

2012లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు 650కి పైగా తేనెటీగల వీపు మీద చిన్న గుర్తింపు చిప్పులు అంటించి దీన్ని పరీక్షించారు. కొన్నిటికి థయామిథాక్సామ్ మందును, ప్రాణం తీయనంత తక్కువ మోతాదులో, పంచదార నీళ్లలో కలిపి ఇచ్చారు. తర్వాత పెట్టెకు కిలోమీటరు లోపు దూరంలో వదిలారు. మందు తాగని ఈగలతో పోలిస్తే, తాగినవాటిలో అదనంగా తిరిగి రానివి, తెలిసిన దారిలో 10 శాతం, కొత్త చోట వదిలినప్పుడు 31 శాతం దాకా ఉన్నాయి. విషం నేరుగా చంపలేదు, దారి లెక్క చెదిరింది. ఇల్లు చేరని తేనెటీగ ఎక్కువ కాలం బతకదు.

కారణం సులువే. ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్, క్లోథియానిడిన్ లాంటి మందులు పురుగు నరాల మధ్య కబురు అందే చోట పట్టుకుంటాయి. పచ్చదోమ చావడానికి కారణం అదే. తేనెటీగ మెదడులో దారి, వాసన, జ్ఞాపకం నడిపే నరాలకూ అదే తాళం ఉంది. ఈ మూడు మందులను ఆరుబయట పంటల మీద వాడటాన్ని ఐరోపా సమాఖ్య 2018లో నిషేధించింది. మన దగ్గర వాడకంలో ఉన్నాయి కాబట్టి ఎప్పుడు, ఎలా వాడుతున్నాం అన్నదే మన చేతిలో ఉంది.

పూత సమయంలో పైమందు కొట్టేవారికి

- పూత దశలో ఈ రకం మందులు, ఫిప్రోనిల్, క్లోరిపైరిఫాస్ లాంటివి పూల మీద పిచికారి చేయవద్దు. రసం పీల్చే పురుగుల పని పూతకు ముందే ముగించుకోండి.
- పురుగు నష్టం కలిగించే స్థాయికి చేరిందా లేదా అని చూసిన తర్వాతే మందు. పక్కవాళ్లు కొట్టారని మనం కొట్టడం వద్దు.
- పొద్దుతిరుగుడులో శనగపచ్చ పురుగు కనిపిస్తే మొదట 1500 పి.పి.ఎం. వేపనూనె లీటరు నీటికి 5 మి.లీ., లేదా ఎకరాకు 200 ఎల్.ఇ. ఎన్.పి.వి. ద్రావణం సాయంత్రం పూట కొట్టండి. ఎన్.పి.వి. ఎండకు చెడిపోతుంది కాబట్టి దానికీ సాయంత్రమే మంచిది.
- తప్పనిసరైతే ఏ మందైనా ఈగలు ఇల్లు చేరాక, పొద్దు వాలాకే కొట్టండి. పొద్దుతిరుగుడు పూల మీద ఈగలు ఎక్కువగా ఉదయం పూట తిరుగుతాయి. ఆ సమయంలో స్ప్రేయరు భుజానికి ఎత్తుకోవద్దు.
- పురుగు మందు, తెగులు మందు ఇష్టమొచ్చినట్టు కలిపి కొట్టవద్దు. కొన్ని తెగులు మందులు కలిస్తే పురుగు మందు విషం తేనెటీగకు మరింత ఎక్కువవుతుంది.
- చుట్టుపక్కల పెట్టెలు ఉన్నవాళ్లకు రెండు రోజుల ముందే చెప్పండి. వాళ్లు ముందు రాత్రి ద్వారానికి జాలి కట్టి, పెట్టె మీద తడి గోనెసంచి కప్పి, మర్నాడు ఉంచుకుంటారు. ఎండాకాలంలో అంతకు మించి మూయవద్దు.
- పెట్టెకు దగ్గరలో వెడల్పాటి పళ్లెంలో గులకరాళ్లు వేసి శుభ్రమైన నీళ్లు పెట్టండి. లేకుంటే ఈగలు మందు కలిపిన గుంటల్లో నీళ్లు తాగుతాయి.

పెట్టెలు ఉన్నవాళ్లకు ఇంకో చిన్న పని చెబుతాను. రోజూ ఉదయం ఒకే సమయానికి పెట్టె పక్కన నిలబడి, ఒక నిమిషంలో ఎన్ని ఈగలు లోపలికి వస్తున్నాయో లెక్కపెట్టి గోడ క్యాలెండరు మీద రాయండి. వాతావరణం మారకుండానే ఆ అంకె వరుసగా పడిపోతుంటే, శవాలు లేకపోయినా ఈగలు దారి తప్పుతున్నాయేమో అనుమానించాలి. చుట్టుపక్కల ఎవరు ఏం కొట్టారో ఆ రోజే విచారించండి.

ఎలుక తలలోనూ ఇదే లెక్క

మిత్రుడి సంగతి అయింది. ఇదే విద్య మన శత్రువుకూ తెలుసు. అసలు జంతువుల మెదడు చోటును ఎలా గుర్తిస్తుందో శాస్త్రవేత్తలు ఎక్కువగా నేర్చుకున్నది ఎలుకల దగ్గరే. 1971లో లండన్‌లో జాన్ ఓకీఫ్ ఎలుక మెదడులో ఒక వింత చూశారు. కొన్ని నరకణాలు ఎలుక గదిలో ఒక నిర్ణీత చోటికి వచ్చినప్పుడే పని చేస్తున్నాయి. ఒక్కో చోటికి ఒక్కో కణాల గుంపు. 2005లో నార్వేలో మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ బృందం పక్క భాగంలో మరో రకం కణాలను కనుగొంది. ఎలుక తిరుగుతుంటే ఒక్కో కణం సమాన దూరాల్లో, తేనెపట్టు గదుల అమరికలా, నేలంతా గుర్తులు పెట్టినట్టు పని చేస్తుంది. సర్వే చేసేవాళ్లు పొలమంతా సమదూరంలో కొయ్యలు పాతినట్టు అనుకోండి. ఈ ముగ్గురికీ 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. గోడలు, అంచుల దగ్గర మాత్రమే పని చేసే కణాలు కూడా ఎలుక మెదడులో ఉన్నాయని తర్వాత తేలింది.

పొలంలో దీని అర్థం ఏమిటి? ఎలుక తన ఇలాకా అంతటికీ తలలో పటం గీసుకుని ఉంటుంది. గట్ల అంచుల వెంట, అలవాటైన బాటలోనే తిరుగుతుంది. ఆ పటంలో లేని వస్తువు కనిపిస్తే అనుమానిస్తుంది. అందుకే ఒక్కసారిగా విషపు ఎర పెడితే ముట్టదు, లేదా రుచి చూసి వదిలేస్తుంది.

- మొదటి రోజు సాయంత్రం గట్ల మీద కలుగులన్నీ మట్టితో మూయండి. మర్నాడు తెరిచి ఉన్నవే ఎలుకలు ఉన్న కలుగులు. ఎర వాటికే పెట్టండి.
- జింక్ ఫాస్ఫైడ్ వాడేటట్లయితే ముందు రెండు రోజులు మందు లేకుండా నూకలు, నూనె కలిపిన ఎరనే పెట్టి అలవాటు చేయండి. మూడో రోజు అదే చోట మందు ఎర పెట్టండి.
- బ్రోమోడయోలోన్ అయితే 96 పాళ్ల నూకలకు 2 పాళ్ల నూనె, 2 పాళ్ల మందు కలిపి, 15 గ్రాముల చొప్పున కాగితంలో పొట్లం కట్టి కలుగులో వేయండి.
- ఊరంతా ఒకేసారి చేయాలి. ఒక్కరే చేస్తే ఖాళీ అయిన కలుగుల్లోకి పక్క చేను ఎలుకలు వస్తాయి.
- ఎర కలిపేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోండి. పిల్లలకు, పశువులకు, కోళ్లకు అందకుండా చూడండి. చచ్చిన ఎలుకలను లోతుగా పూడ్చిపెట్టండి.

ఎలుకకు అలవాటైన చోటును మార్చకుండా ఎర పెడితే మనకు పని అవుతుంది. తేనెటీగకు అలవాటైన చోటును మార్చకుండా పెట్టె ఉంచితే పంట నిలుస్తుంది. రెంటికీ మూలం ఒక్కటే.

ఒక్క చూపులో

- పెట్టె జరిపితే 3 అడుగుల లోపు, లేదా 5 కిలోమీటర్ల అవతల.
- జరిపాక ద్వారం ముందు కొమ్మ పెట్టడం మరవవద్దు.
- 5 నుంచి 10 శాతం పూత వచ్చాకే పెట్టెలు చేనుకు తేవాలి.
- పూత దశలో ఉదయం మందు కొట్టవద్దు. తప్పకపోతే పొద్దు వాలాకే.
- మందు కొట్టే ముందు పెట్టెలవాళ్లకు కబురు పెట్టాలి.
- ఈగలు తగ్గుతూ శవాలు కనిపించకపోతే మందు వల్ల దారి తప్పాయేమో చూడాలి.

ఇప్పుడు ఎవరైనా పెట్టెలు జరపవచ్చా అని అడిగితే నేను వెంటనే జవాబు చెప్పను. "ఎంత దూరం?" అని ముందు అడుగుతాను. మీరూ ఎవరికైనా చెప్పే ముందు అదే అడగండి. అనుమానం ఉంటే మీ ఊరి రైతు సేవా కేంద్రంలో గానీ, రైతు వేదికలో గానీ, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ కనుక్కోండి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. ఒక్క ఫోను చేసి అడగడానికి పట్టే సమయం, పోయిన పెట్టెలను మళ్లీ నిలబెట్టుకోవడానికి పట్టే సమయం ముందు ఏపాటి?